పాటకు వెల యెంత?

జగిత్యాల ప్రాంతమున మామిడితోట గల రైతు నెవ్వరినైనను అడిగి చూడుడు: పొరుగువాని తోటలో రాలిన కాయలను తన సంచిలో వేసికొనుట తగునా యని. తగదని తటాలున చెప్పును. ఆ రైతే తన యింట పెండ్లి జరిగినప్పుడు, ఎవరో వ్రాసి, ఎవరో స్వరపరచి, ఎవరో పాడిన పాటలను వందల కొలదిగ నొక చిన్న చిప్పులో నింపించుకొని వచ్చెను. అవి ఎవరి తోటలోని కాయలని క్షణమైనను ఆలోచింపలేదు. ఆయన దొంగ కాడు. ఆయన యింటివారును దొంగలు కారు. ఐనను ఆ పాటల సొంతదారులకు ఒక్క పైసయు ముట్టలేదు. ఈ వింత యెట్లు సంభవించినది? దోషము కొన్నవానిదా, నింపి యిచ్చినవానిదా, లేక ఆ సరకునకు వెల కట్టిన వర్తకునిదా?

ఇది వినోదమునకు సంబంధించిన చిల్లర విషయమని త్రోసివేయుటకు వీలులేదు. 2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు కరీంనగరు జిల్లా నుండి విడివడి యేర్పడిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు రెండును పాట పండు నేలలు. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో జన్మించిన సింగిరెడ్డి నారాయణరెడ్డిగారు 1962 నాటి గులేబకావళి కథతో చిత్రసీమలో ప్రవేశించి, వేల పాటలు వ్రాసి, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును పొందిరి. బతుకమ్మ పాట, ఒగ్గు కథ, కల్లు మండువాలలోను బీడీల చాటల చుట్టును పుట్టిన జానపదములు ఈ ప్రాంతమునకు అనాదిగా వచ్చిన ఆస్తి. కావున పాటకు దక్కవలసిన ప్రతిఫలము ఎక్కడికి పోవుచున్నదను ప్రశ్న బొంబాయి, హైదరాబాదుల కంపెనీలది మాత్రమే కాదు, మనది కూడ.

క్యాసెట్ల కాలము

పూర్వకథను కొంచెము తెలిసికొనుట అవసరము. ఈ దేశమున చాలకాలము రికార్డుల వ్యాపారము గ్రామఫోను కంపెనీ యను ఒక్క సంస్థ చేతిలో నుండెను. కుక్క బొమ్మ గల ఆ పళ్లెములును, వాటిని మ్రోగించు యంత్రమును కలిగినవారి యిల్లు ఊరికొక్కటి యున్న గొప్ప. గల్ఫు దేశములకు వలసపోయిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు యువకులు సెలవులకు వచ్చునప్పుడు టూ-ఇన్-వన్ టేపురికార్డులను మోసికొని వచ్చుట మొదలిడగనే యీ స్థితి మారినది. యంత్రము పల్లెకు వచ్చినది గాని, దానిలో వేయుటకు తగిన క్యాసెట్టు అంగడిలో సులభముగ దొరకలేదు. దొరికినదాని వెల సామాన్యునకు అందలేదు. యంత్రమునకును సరకునకును నడుమ నేర్పడిన ఆ ఖాళీలోనికి దొంగప్రతి ప్రవేశించినది.

ఆనాటి రికార్డింగు దుకాణములను నడివయస్సు పాఠకులు మఱచియుండరు. తమకు కావలసిన పాటల పట్టికను కాగితముపై వ్రాసి, ఖాళీ క్యాసెట్టుతో గూడ ఇచ్చిన, రెండు మూడు దినములలో దుకాణదారు వాటిని ఎక్కించి ఇచ్చుచుండెను. ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. కంపెనీ క్యాసెట్టు ఒక్క చిత్రము పాటలనే ఇచ్చును. అందులో నచ్చినవి రెండైన, నచ్చనివి నాలుగు. దుకాణదారు నచ్చిన పండ్రెండింటిని ఒకచోట కూర్చి ఇచ్చెను. కొనువాడు చౌకదనమునకు మాత్రమే గాక, ఎంపికకు కూడ డబ్బు చెల్లించినాడన్నమాట.

ఈ స్థితిలో ఢిల్లీలో పండ్లరసము అమ్ముకొను కుటుంబమున పుట్టిన గుల్షన్ కుమార్ అను వర్తకుడు 1983లో టీ-సిరీస్ సంస్థను స్థాపించెను. ఆరంభమున ఆయనయే పరుల పాటలను నకళ్లు తీసెనని ప్రత్యర్థులు నిందించిరి. 1957 నాటి కాపీరైటు చట్టములోని యొక సందును పట్టుకొని, పాత పాటలను కొత్త గొంతులతో పాడించి అమ్మెను. ఆయన మార్గములన్నియు మెచ్చదగినవి కావు. కాని వ్యాపార రహస్యమును మాత్రము ఆయన కనిపెట్టెను. క్యాసెట్టు వెలను బాగుగ తగ్గించి, దానిని సంగీతపు దుకాణములకు పరిమితము చేయక కిరాణా కొట్టులోను పాను డబ్బాలోను అమ్మించెను. పీటర్ మాన్యుయెల్ అను అమెరికా సంగీత పండితుడు 1993లో ప్రకటించిన తన గ్రంథమున, ఈ చౌక క్యాసెట్టు ఉత్తర హిందూస్థానమున ప్రాంతీయ గీతములకును భక్తిగీతములకును ఎట్లు ప్రాణము పోసినదో వివరించియున్నాడు. మన యొద్ద కూడ కొండగట్టు, ధర్మపురి, వేములవాడ జాతరల యంగళ్లలో కొబ్బరికాయల ప్రక్కన భక్తిగీతముల క్యాసెట్టు చేరినది ఈ చౌకదనము చేతనే.

దీనిలోని లెక్క యేమి? ఊహార్థము కొన్ని అంకెలను తీసికొందము. ఖాళీ టేపు, నకలు తీయు ఖర్చు, రవాణా, దుకాణదారుని కమీషను అన్నియు కలిసి 12 రూపాయలగుననుకొనుడు. ఈ ఖర్చు దొరకును దొంగకును సమానమే. దొంగ 15 రూపాయలకు అమ్మును. దొర 40 రూపాయలు చెప్పినచో కొనువాడు దొంగ యొద్దకే పోవును. దొర 18 రూపాయలకు దిగినచో, మూడు రూపాయల కొరకు గరగరలాడు ప్రతిని ఎవడు కొనును? కావున క్యాసెట్టు కాలమున దొంగతనమునకు పోలీసు లాఠీ కంటె వెల తగ్గింపే మంచి మందు. ఇది మన మొదటి పాఠము.

చిప్పు నింపు దుకాణము

ఈ మందు ఎంతోకాలము పనిచేయలేదు. కారణము స్పష్టము. నకలు తీయుటకు కొంత ఖర్చు ఉన్నంతకాలమే దొంగకు దొర పోటీ కాగలడు. ఎంపీత్రీ యను పద్ధతి వచ్చి, పాట యనునది ఒక అంకెల మూటగా మారగనే ఆ ఖర్చు ఇంచుమించు శూన్యమైనది. 700 మెగాబైట్ల డిస్కులో, పాటకు నాలుగైదు మెగాబైట్ల చొప్పున, సుమారు 150 పాటలు పట్టును. 2 గిగాబైట్ల మెమరీ కార్డులో నాలుగు వందల పాటలు పట్టును. గోరంత చిప్పులో ఒక గాయకుని జీవితకాలపు కృషి యంతయు ఇమిడిపోయినది.

కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల బస్టాండుల చెంత సెల్‌ఫోను దుకాణములలో ఒక కుర్రవాడు కంప్యూటరు ముందు కూర్చుండి, వచ్చినవారి చిప్పులలో పాటలు నింపుచుండిన దృశ్యము 2010కి అటునిటు సర్వసాధారణము. దుబాయి విమానమెక్కబోవు యువకుడు ఊరి పాటలను నింపించుకొనెను. ట్రాక్టరు డ్రైవరు పొలములో వినుటకు నింపించుకొనెను. మరమగ్గముల రొద నడుమ పని చేయు కార్మికుడు చెవిలో పెట్టుకొని వినుటకు నింపించుకొనెను. వీరిలో ఎవ్వరును ఉచితముగ తీసికొనలేదు. ప్రతివాడును దుకాణదారునకు పదో పరకో ఇచ్చియే తీసికొనెను. మన ప్రజలు పాటకు డబ్బు చెల్లింపరను నింద ఇచ్చట నిలువదు. చెల్లించిరి, కాని ఆ డబ్బు పాట పుట్టినచోటికి చేరు కాలువ లేదు. నీరు పారినది గాని, తూము తప్పు మడికి పారినది.

అమెరికాలో ఈ కాలువను త్రవ్వు ప్రయత్నము ముందుగ జరిగినది. 1999లో నాప్‌స్టర్ అను సాధనము ద్వారా జనులు పాటలను ఒకరికొకరు ఉచితముగ పంచుకొనసాగిరి. కంపెనీలు న్యాయస్థానమునకు పోగా 2001లో అది మూతపడినది. కాని దాని వెనుక మరి పది పుట్టినవి. 2003 ఏప్రిలు 28వ తేదీన ఆపిల్ కంపెనీ ఐట్యూన్స్ అంగడిని తెరచి, పాట యొక్కటికి 99 సెంట్ల చొప్పున అమ్మకమునకు పెట్టెను. మొదటి వారమునందే 10 లక్షల పాటలు అమ్ముడుపోయినవి. మొత్తము ఆల్బము కొననక్కరలేదు, నచ్చిన పాటను మాత్రమే కొనవచ్చును. మన రికార్డింగు దుకాణదారు కాగితపు పట్టికతో చేసిన పనినే ఆపిల్ వారు చట్టబద్ధముగ చేసిరి. 2009లో పాటకు వేసిన తాళములను తీసివేసి, వెలలను మూడు తరగతులుగ విభజించిరి. కొత్త పాటకు హెచ్చు, పాత పాటకు తక్కువ.

కాని 99 సెంట్లనగా ఆనాటి మారకము చొప్పున 40 రూపాయలకు పైబడిన మాట. అమెరికా కార్మికునకు అది కొన్ని నిమిషముల సంపాదన; కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీకి దినపు కూలిలో పెద్దపాలు. ఒకే వెలను రెండు దేశములకు అతికించుట న్యాయము కాదు. 2012 డిసెంబరులో ఐట్యూన్స్ మన దేశమునకు వచ్చునప్పటికి ఆ వెల సుమారు 10, 15 రూపాయలకు దిగినది. అంతకు ముందే, ఆ సంవత్సరము ఫిబ్రవరిలో, ఫ్లిప్‌కార్ట్ సంస్థ ఫ్లైట్ అను పేర పాట 6 రూపాయలు మొదలుకొని అమ్మసాగెను.  ఐనను 2013 జూనులో ఆ అంగడి మూతపడినది. దొంగప్రతులును, చిన్న మొత్తములను చెల్లించుటకు సులభమైన మార్గము లేకపోవుటయును కారణములని సంస్థ చెప్పినది.

ఈ రెండవ కారణము ముఖ్యమైనది. ఆరు రూపాయలు పెట్టగల శక్తి కోరుట్ల యువకునకు ఉండెను; కాని ఆరు రూపాయలు చెల్లించుటకు కావలసిన క్రెడిట్ కార్డు అతనికి లేదు. అతని జేబులో నాణెములుండెను, అంగడి అంతర్జాలములో నుండెను. దీనికి ప్రత్యక్ష ప్రమాణము కాలరు ట్యూను. ఎవరైనను మనకు ఫోను చేసినప్పుడు వారికి వినిపించు ఆ పాటకు, నెలకు 30 రూపాయల వంతున చెల్లించినవారు మన పల్లెలలో లెక్కకు మిక్కిలిగ నుండిరి. ఆరు రూపాయలకు పాట కొనని మనుష్యుడే, తాను వినని పాటకు ముప్పది రూపాయలు చెల్లించుటకు కారణమేమి? ఆ సొమ్ము రీఛార్జి మొత్తము నుండి సులభముగ కోతపడుటయే. ఆ ఆదాయములో పెద్దపాలు ఫోను కంపెనీలే ఉంచుకొన్నవి. అడుగకయే తగిలించి కోత వేసినారను ఫిర్యాదులు పెరుగగా, 2013లో టెలికాం నియంత్రణ సంస్థ వినియోగదారుని నుండి రెండుమారులు సమ్మతి తీసికొనవలెనని ఆజ్ఞాపించినది. ఐనను పాఠము మిగిలియున్నది. వెల తగ్గించుట ఒక్కటే చాలదు. చెల్లించుట సులభము కావలెను. ఇది రెండవ పాఠము.

ఉచితము వచ్చిన పిదప

2016లో రెండు మార్పులు ఒక్కుమ్మడిగ వచ్చినవి. ఆ యేడు యూపీఐ పద్ధతి ప్రారంభమై, టీ కొట్టువాడు సహితము పది రూపాయలను ఫోనుతో పుచ్చుకొనుటకు దారి తీసినది. సెప్టెంబరు 5వ తేదీన జియో కంపెనీ రంగప్రవేశము చేసి అంతర్జాలపు వెలను నేలకు దింపినది. చిప్పు నింపు కుర్రవాని కొలువు దానితో తీరినది. యూట్యూబులో వేలు పెట్టిన పాట మ్రోగుచుండగా, దానిని దాచుకొను పని యేమి? 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై సంస్థ మన దేశమున నెలకు 119 రూపాయలకు, దినమునకు 13 రూపాయలకు చందాలు ప్రకటించినది. తరువాతి నెలలో యూట్యూబ్ మ్యూజిక్ నెలకు 99 రూపాయలతో వచ్చినది. ప్రకటనలను సహించువారికి పైకము లేకయే వినిపించు ఏర్పాటును ఉన్నది.

ప్రపంచమున ఈ పద్ధతి ఫలించినదనుటకు సాక్ష్యమున్నది. 1999 తరువాత కృశింపసాగిన రికార్డు వ్యాపారము 2014 ప్రాంతమున అట్టడుగునకు చేరి, పిదప లేచినది. 2024లో దాని రాబడి 2,960 కోట్ల డాలర్లని అంతర్జాతీయ సంఘము ప్రకటించినది. అందులో మూడింట రెండు వంతులకు మించి అంతర్జాలమున వినిపించుట వలన వచ్చినదే. చందాలు కట్టువారు 75 కోట్లు. దొంగ యిచ్చిన సౌకర్యము కంటె మిన్నయైన సౌకర్యమును దొర ఇచ్చినప్పుడు, జనులు దొర యొద్దకే వత్తురని దీనివలన రుజువైనది.

మన దేశపు సంగతి అంత తృప్తికరము కాదు. చౌక అంతర్జాలము వచ్చిన పిదప, 2019లో జరిగిన సర్వేయందు సహితము, పాటలు వినువారిలో సుమారు మూడింట రెండు వంతులవారు అనుమతి లేని మార్గములను కూడ వాడుచున్నట్లు తేలినది. ప్రపంచపు సగటు నాలుగింట ఒక వంతునకు కొంచెము మాత్రమే ఎక్కువ. అంతకంటె లోతైన చిక్కు వేరొకటి కలదు. దొంగతనము తగ్గుట వేరు. కళాకారునకు కూలి గిట్టుట వేరు. ప్రకటనల వలన వచ్చు రాబడి, వినికిడి యొక్కటికి లెక్క వేసినచో, పైసలలో లెక్కింపదగినది. వినువారు కోట్లలో నున్న సినిమా పాటకు అది పెద్ద మొత్తమగును. ఒక మండలమున మాత్రమే వినబడు పాటకు దీపపు నూనెకును చాలదు. వెల మితిమీరినచో దొంగ బ్రతుకును. వెల శూన్యమైనచో దొంగ చచ్చును గాని, వానితో పాటకుడును పస్తుండును. ఇది మూడవ పాఠము; తక్కిన రెండింటి కంటె కఠినమైనది.

బలగము నేర్పినది

మన ప్రాంతముననే జరిగిన ఒక సంగతిని ఇచ్చట స్మరింపవలెను. సిరిసిల్ల వాస్తవ్యుడైన ఎల్దండి వేణుగారి దర్శకత్వమున, ఈ ప్రాంతపు పల్లెల జీవితమును చిత్రించిన బలగం 2023 మార్చి 3వ తేదీన విడుదలైనది. ఆ నెలలోనే అంతర్జాలమునకును ఎక్కినది. పిదప పల్లె పల్లెను గ్రామచావడి ముందు తెర కట్టి, ఊరంతయు కూర్చుండి చూచుట మొదలైనది. విడిపోయిన అన్నదమ్ములు ఆ రాత్రి కలిసిరను వార్తలును పత్రికలలో వచ్చినవి. ఏప్రిలులో నిర్మాతల పక్షమున నిజామాబాదు పోలీసు అధికారులకు ఫిర్యాదు అందినది. అనుమతి లేని ఈ ప్రదర్శనల వలన తమకు నష్టము కలుగుచున్నదని వారి మొర. జనులు నొచ్చుకొనిరి. ప్రజలు చూచుటకు తమకు అభ్యంతరము లేదని నిర్మాత పిదప వివరింపవలసి వచ్చినది.

ఇందులో ఎవరిది తప్పు? చట్టము నిర్మాత పక్షమున నున్నది. ఇంటిలో చూచుటకు కట్టిన చందాతో ఊరంతటికి చూపుట అనుమతింపబడినది కాదు. ధర్మము పల్లె పక్షముననున్నట్లు తోచును. తమ బ్రతుకే కథయైన చిత్రమును తాము కూర్చుండి చూచుట నేరమెట్లగునని వారు అడిగిరి. మా యభిప్రాయమున, తప్పు ఆ రెంటి నడుమ నున్న శూన్యముది. ఒక గ్రామపంచాయతి కాని, కుల సంఘము కాని, ఇంత రుసుము కట్టి ఒక రాత్రి ప్రదర్శించుకొనవచ్చునను ఏర్పాటు ఎక్కడను లేదు. అడుగుటకు కిటికీ లేదు, చెల్లించుటకు రసీదు పుస్తకము లేదు. చందా వేసికొని వినాయక చవితి జరుపుకొను ఊరు, సినిమాకు ఐదు వందలు, వేయి రూపాయలు పోగుచేయలేదా? అమ్మజూపని సరకును కొనలేదని నిందించుట న్యాయము కాదు. ఆ చిత్రములోని పల్లెటూరి పాటకు కాసర్ల శ్యామ్‌గారికి ఉత్తమ గీతరచయితగా జాతీయ పురస్కారము లభించినట్లు 2025 ఆగస్టులో ప్రకటింపబడినది. ఆ గౌరవములో ఆ పల్లెల ఆదరమునకును పాలు కలదు.

పాట ఎవరిది?

ఇంతవరకును పాటను కొనువారిగ మనలను చూచుకొంటిమి. ఇక పాటను పండించువారిగ చూచుకొనవలెను. జగిత్యాల జిల్లా మల్యాల మండలమున లంబాడిపల్లి యను చిన్న యూరు కలదు. అచ్చటి యువకులు మై విలేజ్ షో అను పేర పల్లె జీవితమును యూట్యూబునకెక్కించి, గంగవ్వగారి వంటి వృద్ధ శ్రామికురాలిని తెలుగుదేశమంతటికి పరిచయము చేసిరి. ఈ బాటలోనే అనేకులు జానపదములను చిత్రీకరించి ప్రచురించుచున్నారు. రాజధానికి పోయి నిర్మాత గుమ్మమున నిలువనక్కరలేకయే, మండల కేంద్రము నుండియే పాట లోకమునకు పోవుచున్నది. ఇది చిన్న విప్లవము కాదు.

కాని దీని వెనుక నొక అన్యాయము పెరుగుచున్నది. నాట్లు వేయుచు ఒక ముసలమ్మ పాడిన పాటను వినివచ్చి, రెండు చరణములు మార్చి, తమదేనని ప్రకటించుకొనువారు కలరు. ఆ ముసలమ్మకు పేరు లేదు, పైకము లేదు. గాయకురాలికి ఒక పూట కూలి వంటి మొత్తమునిచ్చి పంపివేయుదురు. పాట కోటిమారులు మ్రోగినను ఆమెకు మరల చేరునది యేమియు లేదు. సిరిసిల్లవారికి ఇది తెలియని వ్యవస్థ కాదు. నూలునిచ్చు యజమాని, మగ్గములను నడుపు ఆసామి, మీటరు లెక్కన కూలి పుచ్చుకొను కార్మికుడు — చీర అంగడిలో ఎంతకు అమ్ముడుపోయినదో కార్మికునకు తెలియదు. చేనేతవారు తీర్చిన అంచును మరమగ్గముపై నకలు తీసి చౌకగ అమ్మినప్పుడు చేనేత యెట్లు కుంగినదో, దానిని కాపాడుటకు 1985లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చెనో, ఆ పట్టణమునకు రెండు వైపులనుండియు తెలియును. బట్ట నకలును పాట నకలును ఒకటే జాతి.

చట్టము ఈ విషయమున కొంత సాయము చేయుచున్నది; దానిని మనవారు ఎరుగకుండుటయే లోపము. 2012లో కాపీరైటు చట్టమును సవరించినప్పుడు, గీతరచయితకును స్వరకర్తకును రాబడిలో సమానభాగము నిలుపబడినది; ఆ హక్కును వారసులకో, కాపీరైటు సంఘమునకో తప్ప ఇతరులకు వ్రాసియిచ్చినను చెల్లదు. గాయకునకు తన గానముపై 50 ఏండ్ల హక్కు కలదు. హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగ, సంతకముతో ఉండవలెను. కాలపరిమితి వ్రాయకున్న ఐదేండ్లకే చెల్లును. ప్రదేశము వ్రాయకున్న భారతదేశమునకే చెల్లును. రచయితల, స్వరకర్తల పక్షమున రాయల్టీలు వసూలు చేయుటకు 1969లో వెలసిన సంఘమొకటి పనిచేయుచున్నది. గాయకులకును 2013లో వేరొక సంఘము ఏర్పడినది. భూమి అమ్మునప్పుడు సర్వే నంబరు, హద్దులు, సాక్షుల సంతకములు లేక కాగితము ముట్టని మన పెద్దలు, ఇంటి బిడ్డ పాటను అమ్ముకొనునప్పుడు నోటిమాటతో సరిపెట్టుకొనుచున్నారు.

అదే చట్టము గృహస్థుపై కత్తి యెత్తి నిలువలేదనుటయు చెప్పవలెను. మతసంబంధమైన ఉత్సవములందును, పెండ్లి ఊరేగింపునందును, వివాహమునకు సంబంధించిన వేడుకలందును పాటలను వినిపించుట నేరము కాదని అది స్పష్టముగ చెప్పుచున్నది. బరాతు ముందు పాట వేసికొన్నందులకు ఎవరును భయపడనక్కరలేదు. లాభమునకై నకళ్లు తీసి అమ్మువానికి మాత్రము ఆరు నెలలు మొదలు మూడేండ్ల వరకు ఖైదును, 50 వేలు మొదలు 2 లక్షల వరకు జరిమానాయు కలవు. ఐనను, దుకాణపు కుర్రవానిని ఖైదు చేసినంత మాత్రమున దొంగతనము నశింపదనుటకు గడచిన నలువది యేండ్ల చరిత్రయే సాక్షి. లాఠీ తలుపును కాపాడగలదు గాని, అంగడిని నడుపలేదు.

కర్తవ్యము

ఇక చేయవలసినదేమి? కంపెనీవారు పట్టణపు జీతగాని కొలతతో పల్లె కూలివాని జేబును కొలువరాదు. షాంపూను రూపాయి పొట్లములో అమ్మ నేర్చిన దేశమున, పాటను దినమునకు, వారమునకు, పండుగకు చిన్న చిన్న వెలలకు అమ్మలేమా? బతుకమ్మ తొమ్మిది దినములకు ఒక చిన్న చందా పెట్టి, అందులో భాగము ఆ పాటలు పాడిన స్త్రీలకు చేరునని స్పష్టముగ ప్రకటించినచో, ఇచ్చువారు లేకపోరు. చిత్రనిర్మాతలు గ్రామ ప్రదర్శనలకు నిర్ణీతమైన స్వల్పరుసుమును ప్రకటించి, యూపీఐ ద్వారా పుచ్చుకొనవలెను. బలగం వంటి సందర్భము మరల వచ్చినప్పుడు పోలీసు ఠాణాకు పోవలసిన పని యుండదు.

యూట్యూబున జానపదములను ప్రచురించు మన యువకులు, పాటను ఎవరినుండి సేకరించిరో ఆ పేరును ఊరితో సహా మొదటి పంక్తిలో వ్రాయవలెను. రాబడిలో భాగమును ముందుగనే కాగితముపై పెట్టవలెను. తమ పాటను పెద్ద కంపెనీలు కాజేసినవని మొరపెట్టువారు, తాము నాట్ల కాడ కాజేసినదానిని మొదట సరిదిద్దుకొనవలెను. ఈ మూడు పట్టణముల న్యాయవాదులు నెలకొక పూట కేటాయించి, గాయకులకు ఉచితముగ ఒప్పందపత్రములు వ్రాసి ఇచ్చినచో, అది ఏ సన్మాన సభ కంటెను గొప్ప సంగీతసేవ యగును.

తుదకు, గృహస్థులమైన మన పని. నెలకు స్వల్పమైన మొత్తమునకు ఇంటిల్లిపాది న్యాయమైన మార్గమున పాటలు వినవచ్చును. చిప్పు నింపించుకొన్న కాలమున మరి దారి లేదన్న మాట కొంతవరకు నిజమే. చెల్లించు మార్గము జేబులోని ఫోనులోనే యున్న నేడు ఆ సాకు చెల్లదు. రాలిన కాయను ఏరుకొనుటకు సందేహించు ఆ జగిత్యాల రైతు, తోట యజమాని గేటు తెరచి, తగిన వెల చెప్పి, తక్కెడతో నిలిచియున్నప్పుడు సంచి పట్టుకొని గోడ దూకడు. గేటు తెరచుట వర్తకుని వంతు. గేటుగుండ పోవుట మన వంతు. చెట్టు నాటినవానికి వాటా చేరినదో లేదో అడుగుట మనందరి వంతు.